పెరటి దారిన వెళ్ళిన పళ్ళెం

సబ్రియా ఖీమా కూరి కుబ్బాలు ఒత్తుతోందన్న మాటే గానీ కళ్ళు పిండి మీద లేవు. వంటింటి కిటికీలోంచి కనబడే కర్రల కంచె మీద ఉన్నాయి. కంచె అవతల కోడీ అనే పొరుగువాడి ఇల్లు. ఈ రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళ ఇరుగుపొరుగుకి పంపే పళ్ళెం ఆ ఇంటికి వెళ్ళకూడదు. వెళ్తే పట్టుకెళ్ళేది ఆమె భర్త ఖలఫ్. వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికొస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు.

ఎదురుగా ఉమ్ నిబ్రాస్ కూర్చుని గోధుమ రవ్వ పిండిని అరచేత్తో పల్చగా తడుతోంది. నిబ్రాస్ తల్లి గనక ఉమ్ నిబ్రాస్. సబ్రియాని కూడా ఈ అమెరికా ఊళ్ళో ఉన్న ఇరాకీ వాళ్ళంతా ఉమ్ రాఫిద్ అనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా రాఫిద్ పేరు ఇంట్లో వినపడుతుంది. రాఫిద్ మాత్రం లేడు. పోయి తొమ్మిదేళ్ళయింది. బిడ్డ వెళ్ళిపోయాడు, పేరు తల్లి దగ్గర ఉండిపోయింది.

"అంచులు చూసుకోవే, చెప్పు అట్టల్లా వస్తున్నాయి" అంది ఉమ్ నిబ్రాస్. "ఇది విసిరితే ఆ కోడీ తుపాకీ వంగిపోతుంది."

"నవ్వించకు. అసలే నోరు ఎండిపోయి ఉంది."

"ఉపవాసం తిండికేగా, నవ్వుకి కాదుగా!" అని పిండిని ఇంకో దెబ్బ వేసింది. "నిన్న దుకాణానికి వెళ్ళానా, చేపల గాలాలు పెట్టిన వరస పక్కనే తుపాకులు. ఆ పక్కన పిల్లల సైకిళ్ళు. ఒకావిడ చంకలో బిడ్డనేసుకుని తుపాకీ ఎత్తి చూస్తోంది, పుచ్చకాయ తట్టి చూసినట్టు."

"ఇక్కడ అందరిళ్ళలో ఉంటాయంట కదా."

"ఉంటే ఉండనీ. మోసుల్లో మన ఇళ్ళకొచ్చి వీళ్ళ సైనికులు పరుపులు కోసి ఎందుకు వెతికారంట మరి? ఇంటికొకటికి మించి ఉండకూడదన్నారు. మా మామగారి నాటి వేట తుపాకీ, పిట్టని కొడితే పిట్టే నవ్వి ఎగిరిపోయేది, దాన్నీ పట్టుకుపోయారు. ఈ వీధిలో నాలుగిళ్ళు వెతికితే మోసుల్ మొత్తానికి సరిపోతాయి."

"వీళ్ళ ఇళ్ళు ఎవరొచ్చి వెతుకుతారే?"

"అదేగా నేనడిగేది!"

ముందు గదిలో టీవీ మోగుతోంది. నాలుగు వారాల కిందట మోసుల్‌ని ఐసిస్ అనే నల్ల జెండాల వాళ్ళు పట్టుకున్నారు. ఊరి నడివీధిలో జీపుల మీద తిరుగుతున్నారు. ఆ జీపులు అమెరికా వాడు ఇరాక్ సైన్యానికి ఇచ్చినవి. సైన్యం వదిలేసి పారిపోయింది. ఇప్పుడు వాటిని పేల్చడానికి మళ్ళీ అమెరికా వాడే రావాలా వద్దా అని టైలు కట్టుకున్న నలుగురు బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటున్నారు. సబ్రియా చెల్లెలు బద్రియా ఆ ఊళ్ళోనే ఉంది. నాలుగు రోజులుగా ఫోను కలవడం లేదు.

"అమెరికా వాణ్ణి రమ్మంటావా, వద్దంటావా?" అని అడిగింది ఉమ్ నిబ్రాస్ టీవీ వైపు గడ్డం చూపించి.

సబ్రియా ఇంకో కుబ్బా ఒత్తింది. వస్తే బాంబులు. రాకపోతే నల్ల జెండాలు. చెల్లెలు మధ్యలో ఉంది. కొడుకు ప్రాణం తీసిన చేతులే వచ్చి చెల్లెల్ని కాపాడాలని కోరుకోవలసి వచ్చింది.

కూతురు షహ్లా ఆస్పత్రి బట్టలు ఉతికే చోట సాయంత్రం పనికి వెళ్తూ వంటింట్లోకి తొంగి చూసింది.

"అమ్మా, ఇవాళ నాన్నని కనిపెట్టుకుని ఉండు. జులై నాలుగు. వీళ్ళ స్వతంత్రం పండగ, వీధంతా టపాకాయలు కాలుస్తారు. పొద్దున చెత్తబుట్ట దగ్గర కోడీ కనబడ్డాడు. ఈ రాత్రి తన ఇంటి చుట్టుపక్కలకి ఎవరూ రావద్దని చెప్పమన్నాడు. చెప్తుంటే చేతులు వణికిపోతున్నాయి వాడికి."

"తాగాడా?"

"తాగిన వణుకు కాదమ్మా. అదేదో వేరే." షహ్లా చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించింది. "నాన్నతో చెప్పాను. సరే సరే అన్నాడు."

ఖలఫ్ సరే సరే అన్నాడంటే విన్నాడని కాదు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ సంగతి సబ్రియాకి బాగా తెలుసు.

కోడీ వసంతంలో ఆ ఇల్లు కొనుక్కుని వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక్కడే ఉంటాడు. గడ్డి కోసేటప్పుడు కూడా నడుముకి తుపాకీ వేలాడుతూనే ఉంటుంది. ముందు గేటుకి ఒక పలక తగిలించాడు, దాని మీద తుపాకీ బొమ్మ. చదువు రాకపోయినా చదువుకోగలిగే పలక అది. ఒకనాడు పెరటి మెట్ల మీద గుడ్డ పరిచి మూడు తుపాకులు విప్పి నూనె పెట్టి తుడుస్తుంటే సబ్రియా ఈ కిటికీలోంచే చూసింది. చేపని శుభ్రం చేసినంత శ్రద్ధగా తుడిచాడు.

పగటి నిద్ర లేచిన ఖలఫ్ తెల్లటి నిలువు చొక్కా తొడుక్కుని వచ్చాడు. శుక్రవారం గనక గడ్డానికి అత్తరు కూడా రాసుకున్నాడు. మోసుల్‌లో సిటీ బస్సు నడిపిన మనిషి, ఇప్పటికీ ఏ గదిలోకి వచ్చినా ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకుంటాడు.

"ఉమ్ రాఫిద్, ఎన్ని పళ్ళేలు?"

"నాలుగు."

"అయిదు."

"నాలుగే."

"కంచె ఆనుకున్న ఇంటికి లేకుండా వీధి చివరింటికి పంపుతావా? పొరుగువాడు తిన్నాడా అని దేవుడు ముందు నన్నే అడుగుతాడు."

"తిన్నాడని చెప్పు. రోజూ పిజ్జా డబ్బాలు చెత్తలో కనబడుతూనే ఉన్నాయి. వాడి నడుముకేముందో చూశావుగా?"

"నా నడుముకి బెల్టు, వాడి నడుముకి తుపాకీ. ఎవరి అలవాటు వాళ్ళది."

ఉమ్ నిబ్రాస్ లేచి చేతులు కడుక్కుంటూ, "హాజీ, ఆ నాలుగిళ్ళ తర్వాత మా ఇంటికి కూడా ఒకటి తెచ్చిపెట్టండి. మా దగ్గర తుపాకీ లేదు, నా నోరొక్కటే ఉంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఖలఫ్ నవ్వాడు. సబ్రియా నవ్వలేదు.

ఆమె భయం తుపాకీని చూసి పుట్టింది కాదు. తుపాకీని చూడటం వాళ్ళకి కొత్తా? అసలు భయం ఆయన మర్యాద.

తొమ్మిదేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం ఖలఫ్, రాఫిద్ కారులో వంతెన దాటి వస్తున్నారు. అమెరికా సైనికులు రోడ్డుకి అడ్డంగా ఉన్నారు. కారు ఆగింది. ఒక సైనికుడు ఎండలో నిలబడి ఉన్నాడు, ఇనప టోపీ కింద ముఖం ఎర్రగా కాలిపోయి. ఖలఫ్ కొడుకుతో, "దిగు నాయనా. మనిషి ఎండలో నిలబడి ఉంటే మనం కూర్చుని మాట్లాడతామా? దిగి సలాం చెప్పు" అన్నాడు. రాఫిద్ దిగాడు. పందొమ్మిదేళ్ళవాడు, తండ్రి మాట జవదాటని పిల్లవాడు. రెండడుగులు ముందుకు వేసి, పెద్దలు నేర్పినట్టు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోబోయాడు.

చెయ్యి గుండె దాకా చేరలేదు.

చొక్కాలో ఏదో దాచాడనుకున్నాం అని తర్వాత ఒక దుభాషీ వచ్చి చెప్పి, ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఆ కాగితం ఎక్కడికి వెళ్ళినా వాళ్ళ వెంటే వచ్చింది. డమాస్కస్‌లో అద్దెకున్న గదికి వచ్చింది, ఆరేళ్ళ కిందట ఈ నెబ్రాస్కాకి కూడా వచ్చింది. ఎవరూ దాన్ని చదివించుకోలేదు.

దిగమన్నది నేనే అని ఖలఫ్ ఆ రోజు ఒక్కసారి అన్నాడు. మళ్ళీ అనలేదు. సబ్రియా దానికి బదులుగా ఒక మాట అనాల్సింది. అది నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది.

పావు తక్కువ తొమ్మిదికి ఖలఫ్ నాలుగు పళ్ళేలూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి వచ్చాడు. ఆయనది ఎప్పుడూ పెరటి దారే. మోసుల్‌లో వీధి తలుపు అతిథులకి, చావు కబురు తెచ్చేవాళ్ళకి. ఆ తర్వాత రోజుల్లో సోదా చేసేవాళ్ళకి కూడా. తినే పదార్థం మాత్రం పెరటి తలుపులోంచి వంటింటికి పోతుంది, గుడ్డ కప్పుకుని, ఎవరి కంటా పడకుండా. ఇచ్చింది చూపించుకోకూడదని. ఈ వీధిలో సూడాన్ వాళ్ళకి అది అలవాటే. వియత్నాం హన్ అవ్వ మొదట బెదిరింది గానీ, ఆవిడా అమెరికా యుద్ధం ఒకటి దాటి వచ్చిందే, ఇప్పుడు ఆ వేళకి పెరటి మెట్ల మీదే కూర్చుని ఎదురు చూస్తుంది.

"హన్ అవ్వ నారింజ తొనలిచ్చింది" అని ఖలఫ్ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. "నాకంటే ఆవిడకే ఆకలి ఎక్కువ, ఉపవాసం ఆవిడదే అన్నట్టు."

"కూర్చో. ఇంకో పావుగంటలో అజాన్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చూసింది, కూర్చున్నాడు. పొయ్యి మీద పప్పు చారు పొంగుతోంది. దాన్ని దింపి, నూనెలో ఆఖరి కుబ్బా తిప్పింది. బయట ఎక్కడో మొదటి టపాకాయ పేలింది. ఆమె భుజాలు వాటంతట అవే పైకి లేచాయి. ఇంకోటి. ఇంకో రెండు. ఆమె తనలో తాను, టపాకాయలు, టపాకాయలు అని చెప్పుకుంటూ వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద తమకని పెట్టుకున్న పళ్ళెం లేదు. రొట్టెల గుడ్డ లేదు. పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది.

సబ్రియా చెప్పులు వేసుకోలేదు. కంచెలో ఒక కర్ర ఊడిన సందు ఉంది. ఆ సందు దగ్గరికొచ్చాక గానీ చేతిలో చిల్లుల గరిటె ఉందని ఆమెకి తెలియలేదు. పొడుగ్గా, ఇనపది. దాన్ని చూసి, పాముని విదిలించినట్టు పక్కకి విసిరేసి సందులో దూరింది.

తొమ్మిది కావస్తున్నా ఇంకా వెలుతురు ఉంది. కోడీ పెరటి మెట్ల మీద నిలబడి ఉన్నాడు, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులతో తుపాకీ పట్టుకుని. ముఖం చెమటతో తడిసిపోయింది. పది అడుగుల దూరంలో ఖలఫ్, ఎడమ అరచేతి మీద గుడ్డ కప్పిన పళ్ళెం. ఆయన నవ్వుతున్నాడు.

"సలాం నాయనా, నీకోసమే తెచ్చా, వేడిగా ఉంది" అంటున్నాడు అరబ్బీలో.

కోడీ ఒకే మాట అరుస్తున్నాడు. కింద పడెయ్, కింద పడెయ్ అని. ఆ రెండు ముక్కల ఇంగ్లీషు సబ్రియాకి వచ్చు. అతని చూపు పళ్ళెం మీదున్న గుడ్డని వదలడం లేదు.

అప్పుడు ఖలఫ్ కుడిచెయ్యి కదిలింది. నెమ్మదిగా, అలవాటుగా, గుండె వైపుకి.

"ఖలఫ్!" అని కేక పెట్టింది ఆమె. రాఫిద్ పుట్టాక ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "చెయ్యి! చెయ్యి గుండె మీదకి పోనీకు!"

అరబ్బీ కేక వినగానే కోడీ ముఖం మారింది. తుపాకీ ఆమె వైపు సగం తిరిగి, మళ్ళీ ఖలఫ్ మీదకి వెళ్ళింది.

"ఔగఫ్! ఔగఫ్!" అని అరిచాడు.

ఆగు అని. మోసుల్ వీధుల్లో ప్రతి మలుపులో విన్న మాట. అదే వంకర యాస. వీడు అక్కడికి సైనికుడిగా వచ్చినవాడు.

ఖలఫ్ చెయ్యి గాల్లోనే ఆగింది. పళ్ళెం మాత్రం అలాగే ఉంది.

"పడెయ్ దాన్ని! పళ్ళెం పడెయ్!" అంది ఆమె ఒక్కొక్క అడుగే వేస్తూ.

"రంజాన్ నెలలో అన్నం నేలపాలు చెయ్యమంటావా?" అన్నాడు ఆయన. తల తిప్పలేదు. గొంతులో భయం లేదు, కోపం ఉంది. "రొట్టె ఉంది ఇందులో!"

"పడెయ్యమన్నానా!"

"నా వల్ల కాదు."

ఆయన వల్ల కాదని ఆమెకి తెలుసు. తమ ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్క రొట్టె ముక్క చెత్తలోకి పోలేదు. బస్సు కింద పడబోతూ కూడా రొట్టెల సంచి పైకెత్తి పట్టుకునే మనిషి. ఈ అలవాటు ఆయనకి నేర్పింది ఆయన తల్లి, పిల్లలకి నేర్పింది తను.

కోడీ వేలు ఎక్కడుందో ఆమె చూసింది. ఇక చూడలేదు. మూడు అంగల్లో ఖలఫ్ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పళ్ళాన్ని కింద నుంచి కొట్టింది.

పళ్ళెం ఎగిరి తిరగబడింది. కుబ్బాలు గడ్డిలో దొర్లాయి. రొట్టెలు ఒకటొకటిగా పడ్డాయి, గుడ్డ వాటి మీద వాలింది. సబ్రియా ఖాళీ చేతులు రెండూ పైకెత్తి, వేళ్ళు బాగా విప్పి, ఆయన ముందు నిలబడింది.

సరిగ్గా అప్పుడు వీధిలో ఎవరో పెద్దది కాల్చారు. కిటికీ అద్దాలు దడదడలాడాయి.

ముగ్గురూ ఒక్కసారే నేలకి అతుక్కుపోయారు. ఖలఫ్ ఆమె మీద పడ్డాడు. మెట్ల మీదున్నవాడు కూడా తలమీద చేతులేసుకుని గడ్డిలో బోర్లా పడ్డాడు. తుపాకీ మెట్ల కిందకి జారిపోయింది. వీధి వైపు నుంచి పిల్లల చప్పట్లు, కేరింతలు వినిపించాయి.

ముందు తల ఎత్తింది సబ్రియా. కోడీ చెంప గడ్డికి ఆనించి ఆమె వైపే చూస్తున్నాడు. అతని ముక్కు దగ్గర ఒక కుబ్బా పడి ఉంది. దాన్ని చూశాడు. తర్వాత రొట్టెని చూశాడు.

ఖలఫ్ మోకాళ్ళ మీద లేచి, తుపాకీ వైపు కూడా చూడకుండా, రొట్టె ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించి, ఎవరి కాలూ పడని చోట, మెట్ల కమ్మీ మీద పెట్టాడు. కోడీ చూస్తూ ఉండిపోయాడు. ఇలా చేసేవాళ్ళని ఇంతకుముందు చూసినవాడి చూపు అది. తన దగ్గర పడిన ముక్కని రెండు వేళ్ళతో తీసి ఖలఫ్‌కి అందించాడు.

తర్వాత తుపాకీ తీసి, గుళ్ళన్నీ బయటికి తీసి, మెట్టు మీద పరిచి చూపించాడు. సారీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఎన్నిసార్లన్నాడో.

ఫర్వాలేదు అనే మాట వాళ్ళ భాషలో సబ్రియాకి వచ్చు. అనలేదు.

అతని వైపు వేలు చూపించి, "మోసుల్?" అని మాత్రం అడిగింది.

తల అడ్డంగా తిప్పాడు. "రమాదీ." ఇరాక్‌లోనే ఇంకో ఊరు.

రాఫిద్ మీద కాల్చింది ఇతను కాదని ఆమె గుండెల్లో ఏదో ఒకటి సడలింది. మరుక్షణమే ఇంకోటి బిగిసింది. రమాదీలో మాత్రం తల్లులు లేరా?

ఇంటికొచ్చాక ఫోనులో అజాన్ మోగింది. వీధిలో ఆకాశం ఎర్రగా, ఆకుపచ్చగా పేలుతోంది. సబ్రియా ఖర్జూరంలో గింజ తీసేసి పండు ఆయన చేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"దిగమన్నది నేనే" అన్నాడు.

సబ్రియా నీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఆమె అనుకున్నంత పెద్దది కాదు.

"నేనున్నా దిగమనే చెప్పేదాన్ని" అంది. "తిను."

ఆయన తిన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, సబ్రియా వేరే పళ్ళెంలో కుబ్బాలు సర్దింది. గుడ్డ కప్పలేదు. వీధి తలుపులోంచి బయటికి వెళ్ళి, తుపాకీ బొమ్మ ఉన్న గేటు తీసి, మెట్లెక్కి గంట నొక్కి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. రెండు చేతులూ పళ్ళెం కింద, వేళ్ళు కనబడేలా. ఖలఫ్ రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి రానివ్వనని ఆమె ముందే చెప్పింది. తలుపు తెరుచుకుంది. అతని నడుము ఖాళీగా ఉందో లేదో చొక్కా వదులుగా ఉండటంతో తెలియలేదు. పళ్ళెం తీసుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, పరుగెత్తకుండా నడిచి వచ్చింది.

ఆ పళ్ళెం ఇంకా తిరిగి రాలేదు. వస్తుంది, ఖాళీగా రాదు అంటాడు ఖలఫ్. వస్తే ఖాళీగానే వస్తుంది, పొరుగింటి పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదని పాపం వాళ్ళకి తెలీదు కదా అంటుంది సబ్రియా. ఆ మాట అంటూనే కిటికీలోంచి ఒకసారి కంచె వైపు చూసుకుంటుంది.